చుక్క పెట్టిన పేర్లు

జవాబు కాగితాలు కట్టడానికి తెల్లదారం అడిగి తెచ్చుకోవాలి. పదిహేడో నంబరు ఎదురుగా గైర్హాజరు అని రాయాలి. అమ్మ కళ్ళజోడు ఇంకా ఆసుపత్రికి తీసుకెళ్ళిన సంచిలోనే ఉంది, తీసి ఎక్కడైనా పెట్టాలి. కుడికాలి చెప్పు తెగేలా ఉంది, కుట్టించుకోవాలి. తమ్ముడితో మాట్లాడాలి. మధ్యాహ్నం బెల్లు కొట్టేలోగా జాబితా మీద సంతకం పెట్టాలి, లేదా పెట్టకూడదు.

చివరి పరీక్ష చివరి గంటలోకి వచ్చింది. పొద్దున బస్సులో కూర్చుని చీటీ మీద రాసుకున్న ఈ ఆరు పనుల్లో టీచరమ్మ చేసింది ఒక్కటే, దారం తెచ్చుకుంది. అది బల్ల మీద ఉండలా పడి ఉంది. దాని పక్కనే ఆమె సంచి, సంచిలో అట్ట మధ్య మడత పడకుండా పెట్టిన జాబితా. గదిలో ముప్పై రెండు బల్లలు, నాలుగు వరసలు, వరసకు ఎనిమిది. పరీక్ష గదిలో కాపలా ఉండే టీచరు కూర్చోకూడదు, చదువుకోకూడదు, ఏమీ రాసుకోకూడదు, తిరుగుతూ ఉండాలి. ఇరవై ఏళ్ళుగా తిరుగుతూనే ఉంది. నల్లబల్ల దగ్గర్నుంచి వెనక గోడ దాకా పద్నాలుగు అడుగులు, అక్కడ తిరిగి మళ్ళీ పద్నాలుగు. మళ్ళీ అనే మాట మనసులోకి వచ్చిందో లేదో కళ్ళు వాటంతట అవే పదిహేడో బల్ల మీదికి పోయాయి. మూడో వరసలో మొట్టమొదటి బల్ల. సుద్దతో పదిహేడు అని రాసి ఉంది. రాని పిల్లలకు కూడా అరగంట దాకా ప్రశ్నపత్రం, జవాబు కాగితం బల్ల మీద పెట్టి ఉంచాలి, ఆ తర్వాత తీసేయాలి. ఆమె తీయలేదు. ఫ్యాను గాలికి ఎగరకుండా మీద పెట్టిన సుద్దముక్క కింద ఆ కాగితాలు అంచులు కొట్టుకుంటూ ఉన్నాయి, ఎవరో వచ్చి కూర్చుంటారన్నట్టు. ఎవరూ రారు. ఆ పిల్ల బడి మానేసి రెండు నెలలు దాటింది.

ఆ పిల్లకు తరగతిలో పేరు 'మళ్ళీ'. పెట్టింది పిల్లలే. పాఠం చెప్పి, అర్థమైందా అని అడిగితే, అర్థమైందీ అని ముప్పై గొంతులు ఒక్క రాగంలో అంటాయి చూశారా, ఆ రాగం ఇంకా పూర్తి కాకముందే మూడో వరసలోంచి చూపుడువేలు సగం లేచేది. చెయ్యి కాదు, వేలే, అదీ సగమే. మళ్ళీ చెప్పండి టీచర్. తరగతి గొల్లుమనేది. వచ్చిందిరా మళ్ళీ అనేవాళ్ళు. ఆ పిల్ల కూడా వాళ్ళతో పాటు నవ్వేది కానీ వేలు దించేది కాదు. టీచరమ్మకు మొదట్లో విసుగొచ్చేది. ఆరో తరగతి, ముప్పై రెండు మంది, పాఠాలు సగం దాకా కూడా రాలేదు, ప్రతిదీ రెండుసార్లు చెబుతూ కూర్చుంటే ఎప్పటికవుతుంది. ఒకరోజు మాత్రం, రెండోసారి చెబుతూ చెబుతూ, ఊరికే తల ఎత్తి చూసింది. కలాలు కదులుతున్నాయి. మొదటిసారి చెప్పినప్పుడు ఊరుకున్న కలాలు. లెక్కపెట్టింది, పద్నాలుగు. అర్థమైందీ అని రాగం తీసిన పద్నాలుగు మంది తలలు వంచుకుని గబగబా రాసుకుంటున్నారు, నవ్విన వాళ్ళతో సహా. అంటే ఆ పిల్ల అడుగుతున్నది తన కోసం మాత్రమే కాదన్నమాట. ఇంతమందికి పనికొచ్చే పనిని ఒక్కతే చేస్తోంది, పైగా అందరి చేతా నవ్వించుకుంటూ చేస్తోంది. ఆ మర్నాటి నుంచి ఆ వేలు లేవకపోతే పాఠం ఎక్కడో జారిందేమోనని టీచరమ్మకే అనుమానం వచ్చేది.

నడుము లాగుతోంది. కిటికీ పక్కన ఒక్క నిమిషం ఆనుకుంటే ఎవరు చూస్తారు. కిటికీలోంచి వరండా, వరండా చివర పెద్దసారు గది తలుపు, తలుపుకు సగం దాకా తెర. పెద్దసారు మంచివాడే. కోప్పడడు, గట్టిగా మాట్లాడడు, కాగితం మీద ఉన్నది నమ్ముతాడు. వచ్చే ఏడాదికి ఈ తరగతిని రెండు సెక్షన్లు చేయాలని నిర్ణయించారు. చురుకైన వాళ్ళు మొదటి సెక్షను, కాస్త వెనకబడిన వాళ్ళు రెండో సెక్షను. తేడా ఏమీ లేదు మేడమ్, చెప్పేవాళ్ళకు సౌకర్యంగా ఉంటుందని, అంతే, అన్నాడు ఆమెకు జాబితా ఇస్తూ. తేడా ఏమీ లేకపోతే రెండో సెక్షనుకు ఇచ్చిన గది మెట్ల కింద విరిగిన బెంచీలు పెట్టే గది ఎందుకయిందో ఆమె అడగలేదు. పిల్లలకూ ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆ గది చూస్తే చాలు, తామేమిటో తెలిసిపోతుంది. రెండో సెక్షను జాబితాలో పదహారు పేర్లు. మార్కులను బట్టి కలిపినవి ఎనిమిది. అన్నిటికంటే పైన, మార్కులతో పనిలేకుండా ముందే రాసేసిన పేర్లు ఎనిమిది. ఆ ఎనిమిదీ చుక్క పెట్టిన పేర్లు. ఆ చుక్కలు పెట్టింది ఆమే.

పెన్సిలు చుక్క. ఏడాది మొదట్లో హాజరు పట్టీలో తొమ్మిది పేర్ల పక్కన, కంటికి ఆనీ ఆననట్టు, పెన్సిలు మొనతో చిన్న చుక్క పెట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు, చెప్పాల్సినంత విషయం కాదు. అది ఆమె సొంత గుర్తు. ఆ ఇళ్ళలో పెద్దవాళ్ళకు చదవడం రాదు. బడినుంచి ఏ కాగితం పంపినా ఆ ఇళ్ళలో అది పెట్టె అడుగుకో గోడ సందుకో పోతుంది. కాబట్టి ఈ తొమ్మిది మంది అమ్మానాన్నలకు చీటీలు పంపకూడదు, గేటు దగ్గర నిలబడి, వచ్చినప్పుడు నోటితో చెప్పాలి. అంతే చుక్కకు అర్థం. ఈ సంగతి ఆమెకు ఏ శిక్షణ కళాశాలా నేర్పలేదు. ఆమె అమ్మ బట్టలుతికి ఇస్త్రీ చేసే దుకాణంలో పనిచేసేది. బడినుంచి కాగితం తెస్తే చెయ్యి తుడుచుకుని అందుకునేది, అటు తిప్పి ఇటు తిప్పి చాలాసేపు చూసేది, సరేలే అని ఇస్త్రీ బట్టల కింద పెట్టేది, అది అక్కడ నలగకుండా ఉండేది, ఎవరూ చదవకుండానూ ఉండేది. కాస్త పెద్దయ్యాక తనే చదివి వినిపించేది. మీ అమ్మాయి తరగతిలో మాట్లాడుతోంది అని టీచరు రాస్తే, మీ అమ్మాయి తరగతిలో బాగా మాట్లాడుతోంది అని చదివింది ఒకసారి. ఒక్క ముక్కే కలిపింది. అమ్మ ఆ కాగితాన్ని దుకాణంలో అందరికీ చూపించింది, దుకాణం యజమానికి చదవడం వచ్చని తల్లీకూతుళ్ళిద్దరికీ అప్పుడు గుర్తురాలేదు. ఆ దెబ్బ ఇంకా వీపు మీద ఉందేమో. తర్వాత ఏడాది వచ్చిన టీచరు ఒకావిడ కాగితం పంపలేదు. సాయంత్రం గేటు దగ్గర అమ్మను ఆపి, పక్కకు తీసుకెళ్ళి, నవ్వుతూ నోటితో చెప్పింది. ఆ రోజు అమ్మ ఇంటికి వస్తూ, మీ టీచరు నాతో కూడా మాట్లాడిందే అంది. కూడా అంది. ఆ కూడా అన్న మాట మీదే టీచరమ్మ ఇంత చదువూ చదివింది, ఇంటిలో మొదటి డిగ్రీ తెచ్చుకుంది, ఈ ఉద్యోగానికి వచ్చింది. ఆ మాటకే ఈ తొమ్మిది చుక్కలు పెట్టుకుంది.

నాలుగో వరసలో ఎవరో తుమ్మారు. ఇంకో ముగ్గురు నవ్వు ఆపుకున్నారు. తలుపు దగ్గర గంటమ్మ నిలబడింది. బెల్లు కొట్టే ఆవిడకు పిల్లలు పెట్టిన పేరు అది, పెద్దవాళ్ళూ అదే వాడతారు, ఆవిడా దానికే పలుకుతుంది. నీళ్ళ సీసా కిటికీలో పెట్టి, గొంతు తగ్గించి, ఏంటి మేడమ్, మీ కాళ్ళు అరుగుతున్నాయా, గచ్చు అరుగుతోందా, పందెం వేసుకున్నారా అంది. టీచరమ్మ నవ్వింది, నవ్వితే బుగ్గలు కూడా నొప్పిపుట్టాయి. నాలుగు నెలలు ఆసుపత్రి బెంచీల మీద కూర్చుని కూర్చుని, ఆ తర్వాత అమ్మే లేక ఆ బెంచీ కూడా అక్కర్లేకుండా పోయి, బడికి తిరిగి వచ్చిన దగ్గర్నుంచీ ఆమెకు ఏ పని చేసినా అలసటే. నిద్రపోయి లేచినా అలసటే. చెప్పని మాట ఒకటి లోపల పెట్టుకుని తిరిగితే మనిషికి అంత బరువుంటుందని ఆమెకు ఇంతకు ముందు తెలియదు.

తమ్ముడంటే తోడబుట్టినవాడు కాదు. ఆమె సెలవులో ఉన్నప్పుడు ఈ తరగతిని చూసుకోవడానికి తీసుకున్న కుర్ర టీచరు. ఇప్పుడు పక్కగదిలో తిరుగుతున్నాడు, అతని బూట్ల చప్పుడు గోడ ఇవతలికి వినిపిస్తోంది. పొద్దున్నే వచ్చేవాడు, పిల్లల్ని కొట్టడు, పేరుపేరునా పిలుస్తాడు. అమ్మ పడిపోయిన రోజు హడావిడిలో పట్టీ అతని చేతిలో పెట్టి పరిగెత్తింది. వారం తర్వాత ఫోను చేశాడు. ఆసుపత్రి వరండాలో ఎవరిదో స్ట్రెచర్ వస్తోంది, పక్కకు జరగండి పక్కకు జరగండి అంటున్నారు, ఆమె గోడకు అతుక్కుని నిలబడి మాట్లాడింది.

"అక్కా, పట్టీలో కొందరి పేర్ల పక్కన చుక్కలున్నాయి. ఏమిటవి?"

"అవా. వాళ్ళకు చదవడం రాదు తమ్ముడూ. ఏదున్నా నోటితోనే చెప్పాలి. కాస్త ఓపిగ్గా."

"అలాగే అక్కా, నేను చూసుకుంటాను. మీరు అమ్మగారి సంగతి చూడండి."

వాళ్ళు. ఎంత చిన్న మాట. ఆమె వాళ్ళు అన్నది అమ్మానాన్నల్ని. అతను విన్నది పిల్లల్ని. భాష చెప్పే టీచరు ఆమె, సర్వనామం ఎవరికి బదులుగా వచ్చిందో స్పష్టంగా ఉండాలని ఏటా పిల్లల కాగితాల్లో ఎర్రసిరాతో గీత గీసేది ఆమే. అరనిమిషం ఇంకా మాట్లాడి ఉంటే, వాళ్ళ ఇంట్లో వాళ్ళకు అని రెండు మాటలు కలిపి ఉంటే. స్ట్రెచర్ ఆగి ఉంటే. అతను తప్పు చేయలేదు, చెప్పింది చెప్పినట్టు చేశాడు, అదీ మనసుపెట్టి చేశాడు. తొమ్మిది మందినీ కిటికీ వైపు ఒక పక్కగా కూర్చోబెట్టాడు. వాళ్ళ చేత పైకి చదివించలేదు, నలుగురిలో సిగ్గుపడతారని. పాఠాలన్నీ తనే చదివి వినిపించాడు. మిగతావాళ్ళు పేజీ రాస్తే వాళ్ళను నాలుగు వాక్యాలు రాయమన్నాడు, బాగుందని మెచ్చుకున్నాడు. మళ్ళీ అనే పిల్ల వేలు ఎత్తితే కసురుకోలేదు కూడా. నీకు తర్వాత విడిగా చెబుతాలే అమ్మా అన్నాడట. రెండు రోజులు అలా అన్నాక ఆ వేలు ఇక లేవలేదు. ఆ పిల్ల అడగడం మానేసింది, ఆ పిల్లతో పాటు పద్నాలుగు మందికి రెండోసారి వినడం పోయింది. అర్థమైందీ అన్న రాగం మాత్రం ఎక్కడా తెగకుండా సాగింది. తరగతి ఎంత నిశ్శబ్దంగా ఉందో చూశారా అని పెద్దసారు అతన్ని మెచ్చుకున్నాడు.

టీచరమ్మ తిరిగి వచ్చి మూడు వారాలు. మొదటిరోజు కిటికీ పక్క వరసలో ఒక పిల్లను లేపి పాఠం చదవమంది. ఆ పిల్లను అందరూ గుమాస్తా అంటారు, ముత్యాల్లాంటి రాత, పుస్తకానికి అట్టలు, అట్టల మీద చీటీలు. ఏడాది మొదట్లో దారిలో కనిపించిన ప్రతి దుకాణం బోర్డూ చదివి, ఇందులో ఇన్ని తప్పులున్నాయి టీచర్ అని వచ్చి చెప్పిన పిల్ల. లేచి నిలబడింది, పుస్తకం తెరవలేదు.

"మేము చదవం టీచర్. మాకు చదివి వినిపిస్తారు."

మేము అంటే ఎవరే అని అడిగింది ఆమె. గుమాస్తా తన వరస వైపు చూసి, "చుక్కలం టీచర్" అంది. చుక్కలున్నవాళ్ళు ఇటు రండి అని సారు పిలిచేవారట. "మొదట్లో చుక్కలంటే నక్షత్రాలేమో అనుకున్నాం. కాదంట" అంది. ఏడవలేదు, ఉక్రోషం లేదు, వాన పడుతోంది టీచర్ అన్నంత మామూలుగా అంది. ఆ మామూలుతనం దగ్గరే టీచరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ తర్వాత వారం చిన్న పరీక్ష పెడితే, ఆ తొమ్మిది మందిలో బడి మానేసిన పిల్ల పోగా మిగిలిన ఎనిమిది మందికీ నిజంగానే మార్కులు తగ్గాయి. చూశారా అన్నాడు పెద్దసారు. చూసింది.

శిక్షణ కళాశాలలో ఒక పాఠం ఉండేది. గరగర గొంతు మేడమ్ చెప్పేది. ఎక్కడో ఒక బడిలో కొందరు పిల్లల పేర్లు చీటీ తీసినట్టు ఊరికే తీసి, వీళ్ళు ఈ ఏడాది బాగా పైకి వస్తారు అని టీచర్లకు చెప్పారట. ఏడాది తిరిగేసరికి ఆ పేర్లలో కొన్ని నిజంగానే పైకి వచ్చాయట. పిల్లల్లో ఏ తేడా లేదు, చూసే కళ్ళలోనే తేడా. మనం ఎలా చూస్తే పిల్ల అలా తనను చూసుకుంటుంది, నలుగురిలో తన చోటు ఏదో మన ముఖం చూసి తెలుసుకుంటుంది అనేది ఆ మేడమ్. పరీక్షలో పది మార్కుల ప్రశ్నగా వచ్చింది. టీచరమ్మ రెండు రంగుల సిరాతో, కింద గీతలు గీసి మరీ రాసింది, తొమ్మిది వచ్చాయి. ఆ ఒక్క మార్కు ఎందుకు పోయిందోనని అప్పట్లో వారం బాధపడింది. ఇదిగో ఇందుకే పోయి ఉంటుంది. అంత బాగా తెలిసిన సంగతిని తన చేత్తో, తన పెన్సిలుతో, మంచి మనసుతో చేసిపెట్టింది.

ఇక పదిహేడో నంబరు. గంటమ్మ చెప్పింది ఆ సంగతి. తమ్ముడికి ఆ పిల్ల మీద దిగులు పట్టుకుంది, బొత్తిగా మాట్లాడటం మానేసిందే అని. పిల్లకు చదవడం రాదనుకుని తల్లితో మాట్లాడాలనుకున్నాడు. తల్లికి చీటీ రాశాడు. భయపడకండి, మీ అమ్మాయి మంచి పిల్ల, ఒకసారి వచ్చి నన్ను కలవండి అని, గుండ్రటి అక్షరాలతో. ఏ ఇంటికి కాగితం పంపకూడదని చుక్క పెట్టిందో సరిగ్గా ఆ ఇంటికే. పిల్ల చదివి చెప్పొచ్చు కదా అంటారేమో. చదివేదే, టీచరమ్మ సెలవు పెట్టకముందు అయితే. కానీ బడిలో చదవడం రాదన్నాక ఇంట్లో చదవడం ఎలా వస్తుంది, పైగా ఆ కాగితం తన గురించే. ఇందులో ఏముందే అని తల్లి అడిగితే ఏమో అందట. తల్లి రోడ్లు వేసే పనిలో ఉంటుంది. పది రోజులు ఆ చీటీ దాచుకుంది. వాళ్ళ బృందాన్ని వేరే చోటికి మారుస్తున్నారని తెలిసిన రోజు గేటు దాకా వచ్చి, లోపలికి రాకుండా, గంటమ్మతో చెప్పిపోయిందట. "పిల్లని తీసేస్తున్నట్టు కాగితం పంపారమ్మా. ఎటూ మేం పోతున్నాం, ఇక గొడవెందుకు. సారుకి చెప్పమ్మా, ఏమీ అనుకోవద్దని." ఎటు పోతున్నారమ్మా అంటే, రోడ్డు ఎటు పోతే అటే కదా అందట. బదిలీ పత్రం తీసుకోలేదు. అది లేకుండా ఇంకో బడిలో చేర్చుకుంటారో లేదో.

ఎన్నోసారి ఈ పద్నాలుగు అడుగులు. టీచరమ్మ ఆగింది. గదిలో ఏదో తేడాగా ఉంది. పిల్లలు రాస్తున్న చప్పుడు ఒకటుంటుంది, సన్నగా, జల్లు పడుతున్నట్టు. అది లేదు. ఒక్కరొక్కరుగా అందరూ ఆగిపోయారు. కలాలు నోట్లో ఉన్నాయి, కళ్ళు పక్కవాళ్ళ ముఖాల మీదికి పోయి వస్తున్నాయి. పక్కవాళ్ళూ వీళ్ళను అలాగే చూస్తున్నారు. రెండో వరసలో ఎప్పుడూ మొదటి మార్కు వచ్చే పిల్లవాడు ప్రశ్నపత్రం మీద అరచెయ్యి పెట్టి ఏదో కప్పుకుంటున్నాడు. వాడి వెనకమ్మాయి మోచెయ్యి అడ్డం పెట్టుకుంది. దాచుకోవడానికి అందులో ఏముంది. అడిగితే చెబుతారేమో, ఎవరూ అడగరు. ఇరవై ఏళ్ళలో ఇలాంటి నిశ్శబ్దం చాలాసార్లు చూసి, ఆలోచించుకుంటున్నారు అనుకుంది. ఆమె పదిహేడో బల్ల దగ్గరికి వెళ్ళి సుద్దముక్క తీసి ప్రశ్నపత్రం చేతిలోకి తీసుకుంది. చదవకూడదు, అయినా చదివింది. ఏడో ప్రశ్న. కింది పటం చూసి నది పేరు, అది ఏ దిక్కుకు పారుతోందో రాయండి. కింద పటం లేదు. అరచెయ్యంత తెల్లటి ఖాళీ, అంతే. అచ్చువేసేటప్పుడు పోయింది.

ముప్పై ఒక్క మంది దగ్గర ముప్పై ఒక్క ఖాళీలు. తన కాగితంలోనే పటం లేదని ఒక్కొక్కరికీ అనుమానం. పక్కవాళ్ళకు ఉండే ఉంటుంది, వాళ్ళు నిమ్మళంగా ఉన్నారు కదా, అడిగితే నవ్వుతారు. అందుకని ప్రతివాళ్ళూ తమ ఖాళీని చేత్తో కప్పుకుని నిమ్మళంగా ఉన్నట్టు కూర్చున్నారు. ఈ బల్ల మీద కూర్చోవాల్సిన పిల్ల ఉంటే మొదటి పావుగంటలోనే సగం వేలు లేచేది. టీచరమ్మ నల్లబల్ల ముందుకు వచ్చింది. "ఏడో ప్రశ్నలో ఎవరికైనా ఇబ్బంది ఉందా?" అంది. లేదు టీచర్ అని రాగం. ఆ రాగం విన్నాక ఆమెకు ఇంకేమీ తోచలేదు. చేతిలో ఉన్న పదిహేడో నంబరు కాగితం పైకి ఎత్తింది. చూపుడువేలు దానంతట అదే సగం లేచింది.

"నాకు అర్థం కాలేదు. ఈ కాగితంలో పటం లేదు."

కిటికీ పక్కనుంచి, గుమాస్తా, కూర్చునే, మెల్లగా అంది.

"నాదాంట్లోనూ లేదు టీచర్."

అంతే, కట్ట తెగింది. నాకూ లేదు, నాకూ లేదు, నీకూ లేదా, నీకుందనుకున్నా కదరా, మరి అంతసేపు ఏం చూస్తున్నావు, నువ్వు చూస్తున్నావని చూస్తున్నా. గది గదంతా నవ్వింది. ఆ మొదటి మార్కు పిల్లవాడు అరచెయ్యి తీశాడు, వాడి చెమటకు ఆ ఖాళీ తడిసి ఉంది. నవ్వు విని గంటమ్మ పరిగెత్తుకొచ్చింది. సంగతి చెప్పి పెద్దసారు దగ్గరికి పంపితే రెండు నిమిషాల్లో తిరిగొచ్చి, అచ్చువాళ్ళది తప్పంట, ఆ ప్రశ్నకు అందరికీ మార్కులు ఇచ్చేయమన్నారు, మిగతా మూడు గదుల్లో ఒక్కళ్ళూ అడగలేదంట, మీ గదే మొదటిదంట అంది. పక్కగదిలో తమ్ముడి బూట్ల చప్పుడు ఆగింది. జల్లు చప్పుడు మళ్ళీ మొదలైంది.

బెల్లు కొట్టాక కాగితాలు వరసగా పేర్చి దారంతో కట్టింది. వరండాలో తమ్ముడు తన కట్టతో వస్తూ, అక్కా మీ గదిలో ఎవరడిగారు అన్నాడు నవ్వుతూ. ఆమె కట్ట కింద పెట్టింది. మూడు వారాల మాట నోట్లోంచి చాలా మామూలుగా వచ్చింది.

"తమ్ముడూ, ఆ రోజు ఫోనులో వాళ్ళకు చదవడం రాదన్నానే. పిల్లలకు కాదు. వాళ్ళ అమ్మానాన్నలకు. నేనే సరిగ్గా చెప్పలేదు. వచ్చిన రోజే చెప్పాల్సింది, అదీ చెప్పలేదు."

అతను నవ్వుముఖంతోనే కాసేపు నిలబడ్డాడు, నవ్వు తీయడం మరచిపోయినట్టు. ఆ తర్వాత ఆ ముఖంలో ఒక్కొక్కటే అర్థమవుతూ పోవడం ఆమె చూసింది. కిటికీ పక్క వరస. నాలుగు వాక్యాలు. విడిగా చెబుతాలే అమ్మా. అన్నిటికంటే చివర తట్టింది పైకి అన్నాడు.

"నేను ఆ తల్లికి చీటీ రాశాను అక్కా."

"తెలుసు" అంది ఆమె. అతని కట్టకు దారం ఊడుతుంటే సరిచేసింది.

పెద్దసారు గదిలో సంతకం లేని జాబితా బల్ల మీద పెట్టింది. చుక్కలు తనవని, వాటి అర్థం ఇదని, ఈ తప్పు తనదని, కుర్ర టీచరుది కాదని చెప్పింది. నిలబడి చెప్పింది, ఎక్కువ మాటలు పట్టలేదు. ఆయన అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అంతా బాగానే ఉంది మేడమ్, మరి మార్కులు నిజంగానే తగ్గాయి కదా, కాగితం మీద ఉన్నదాన్ని ఏం చేస్తాం అన్నాడు. ఏడో ప్రశ్నకు ఏం చేశారు సార్ అని అడిగింది ఆమె. అందరికీ ఇచ్చేశాం, తప్పు మనది కదా అని, అన్నాక ఆయన ఆగాడు. ఇదీ అంతే సార్ అంది ఆమె. ఆయన జాబితాలో పైనున్న ఎనిమిది పేర్లనూ చాలాసేపు చూశాడు. అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు, అచ్చం అమ్మ చూసినట్టు. తర్వాత దాన్ని ఆమె వైపు జరిపాడు.

"మళ్ళీ రాసి తీసుకురండి" అన్నాడు.

తనేమన్నాడో ఆయనకు తెలియదు. ఆమె తలుపు దాకా వచ్చి ఆ మాట కోసమే ఒక క్షణం ఆగింది. ఎనిమిది మందికి మళ్ళీ అన్నది దొరికింది. ఎంతకాలం పడుతుందో, ఎంత తిరిగి వస్తుందో, సెలవుల తర్వాత గుమాస్తా పుస్తకం తెరుస్తుందో లేదో, అదంతా ఇక మీద పని. గదిలోకి తిరిగి వచ్చి పదిహేడో నంబరు ఎదురుగా గైర్హాజరు అని రాసింది, రాయక తప్పదు. రాశాక చెప్పు తెగింది. రెండూ విడిచి చేత్తో పట్టుకుని, చల్లటి గచ్చు మీద వట్టికాళ్ళతో గేటు వైపు నడిచింది.

ఈ కథ అక్కడితో ఆగుతుంది, ఎందుకంటే ఆ పిల్ల ఎక్కడుందో టీచరమ్మకు తెలియదు, నాకూ తెలియదు. మీకు తెలిసే వీలుంది. కొత్తగా రోడ్డు వేస్తున్న చోటు ఏదైనా మీ దారిలో ఉండవచ్చు, ఆ పక్కన ఒక బడి, ఆ బడిలో మీరే టీచరు కావచ్చు. బదిలీ పత్రం లేని ఒక పిల్ల వస్తుంది. మొదట్లో ఏమీ మాట్లాడదు, కొన్నాళ్ళు ఓపిక పట్టండి. ఒకరోజు, అందరూ అర్థమైందీ అన్నాక, ఒక చూపుడువేలు సగం లేస్తుంది. ఆ పిల్ల అడుగుతున్నది తన ఒక్కదాని కోసం కాదని గుర్తుంచుకోండి. మళ్ళీ చెప్పండి. సాయంత్రం గేటు దగ్గర వాళ్ళమ్మ కనిపిస్తే, కాగితం ఇవ్వకండి, మాట్లాడండి.